మస్తాన్ బాబాయ్ గేజి బిళ్ళ

మొన్న మా ఇంటి నీళ్ళ మోటారు కాలిపోయింది. ఆటోలో వేయించుకుని రివైండింగ్ షాపుకి నేనే తీసుకెళ్ళాను. ఎనభై దాటిన మనిషివి, నీకెందుకీ పని అని ఇంట్లోవాళ్ళు అడ్డుపడ్డారు. మోటారు చుట్టే చోటికి వెళ్ళే అవకాశం వస్తే నేను ఎవరికీ వదలనని వాళ్ళకింకా అర్థం కాలేదు. షాపతను కాలిన తీగచుట్టని మంటలో పెట్టి మెత్తబరిచి పటకారుతో లాగుతున్నాడు. మాడిన వార్నిష్ వాసన, దాని వెనకాలే వేడి రాగి వాసన ముక్కుకి తగిలాయి. పక్కనున్నావిడ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. నేను మాత్రం గుండెల నిండా పీల్చుకున్నాను. నాకా వాసన ఇరవై మూడేళ్ళ వయసు వాసన. నరసరావుపేటలో కోటప్పకొండ రోడ్డు మలుపులో ఒక రేకుల షెడ్డు, అందులో ఒక పొడుగాటి బల్ల, ఆ బల్లకి చెంప ఆనించి కళ్ళు మూసుకుని కూర్చున్న ఒక ముసలాయన నా ముందుకొచ్చేశారు. ఆయన పేరు మస్తాన్, నాకు మస్తాన్ బాబాయ్. మీరెవరూ ఆయన్ని చూసి ఉండరు. చూడకపోవడం మీ నష్టమే గనక, ఉన్నంతలో నేను చూపిస్తాను.

అరవై దశకం మొదట్లో సంగతి. నేను మిషను బళ్ళో లెక్కల టీచర్ని. కొత్త ఉద్యోగం, కొత్త చెప్పులు, ఒంటినిండా పొగరు. బళ్ళో సంగీతం చెప్పిన దొరసాని ఒకావిడ తన దేశానికి వెళ్ళిపోతూ తన గిటారు నాకిచ్చి వెళ్ళింది. దానికి మామూలు గిటార్ల కంటే మెడ కాస్త పొడుగు. తీగలమీద వేళ్ళు నొక్కిపట్టే పట్లు ఆవిడ నేర్పినవి అయిదారు, వాటితోనే చర్చిలో పాటలకి వాయించేదాన్ని. పేటలో ఆడపిల్ల గిటారు వాయించడం వింత కాబట్టి తప్పులు ఎవరికీ తెలిసేవి కావు.

మా నాన్న యోహాను పత్తి జిన్నింగులో పనిచేసేవాడు. చదువు లేదుగానీ మా సంఘంలో పాట ఎత్తుకునేది ఆయనే. ఈస్టరు రోజు తెల్లవారకముందే చర్చి దగ్గర్నుంచి సమాధుల తోట దాకా అందరం లాంతర్లు పట్టుకుని పాడుకుంటూ నడిచి వెళ్ళడం మాకు ఆనవాయితీ. ముందు నిలబడినవాళ్ళు ఏ శ్రుతిలో ఎత్తుకుంటే సంఘమంతా ఆ శ్రుతిలో పోవాల్సిందే. ఇరవై ఏళ్ళపాటు ఆ ముందు నిలబడింది నాన్నే. తర్వాత గొంతుకి జబ్బు చేసింది. గుంటూరు డాక్టరు జబ్బు నయం చేశాడు, పై స్వరాలు మాత్రం తిరిగి రాలేదు. ఆ సంగతి తెలియక ఆ ఏడాది ఈస్టరుకి ఎప్పట్లాగే ఎత్తుకున్నాడు. రెండో చరణంలో గొంతు పగిలి ఆగిపోయింది. లాంతర్ల వెలుగులో అందరూ ఆయన వంక చూశారు. ఎవరూ ఒక్క మాట అనలేదు. అంటేనే నయంగా ఉండేదేమో. అప్పట్నుంచి నాన్న చర్చిలో ఆఖరి చాప మీద కూర్చుని పెదవులు కదపడం కూడా మానేశాడు. రెండేళ్ళు గడిచిపోయాయి.

ఒకరోజు సాయంత్రం గేదెకి చొప్ప వేస్తూ ఆయనలో ఆయన పాడుకోవడం విన్నాను. ఎక్కడో అడుగునుంచి వస్తున్న పాట. ఆ స్వరం అంతకుముందు ఆయన దగ్గర లేదు. లోపలికి పరిగెత్తి గిటారు తెచ్చి పక్కన కూర్చుని తోడు వాయించాను. నాలుగు మీటులకే ఆయన గొంతు గిటారు వెంట పైకి ఎక్కబోయి, ఎక్కలేక, ఆగిపోయింది. చొప్ప మోపు కింద పడేసి వెళ్ళిపోయాడు. నాకు అర్థమైంది. ఆయన గొంతు కిందికి దిగింది, నా గిటారు పైనే ఉంది. దాన్ని కూడా కిందికి దించితే వచ్చే ఈస్టరుకి మా నాన్న మళ్ళీ పాడతాడు. ఆ క్షణంనుంచి నాకు ఇంకో ధ్యాస లేదు.

దించడమెంత పని, మరలు వదులు చేస్తే సరిపోతుందనుకున్నాను. వదులు చేశాను. తీగలు బట్టలారేసే తాడులాగా వేలాడి, మెడమీద కొట్టుకుని జరజరమన్నాయి. గిటారు పాడైందేమో, ఎవరికి చూపించాలని అడిగితే అందరూ ఒకే పేరు చెప్పారు. మస్తాన్ సాయిబు చెయ్యిపెడితే బాగుకానిది లేదన్నారు. ఆయన ఆయిలింజన్లు, డైనమోలు, మోటార్లు బాగుచేసేవాడు. పదేళ్ళు మిల్లు ఇంజను పక్కన పనిచేయడంవల్ల చెవులు బాగా దెబ్బతిన్నాయి. చెవి దగ్గర గట్టిగా చెబితే తప్ప వినపడదు. గిటారు పట్టుకుని చెవిటాయన దగ్గరికి వెళ్ళడమేమిటని నాకు నవ్వొచ్చింది. అయినా వెళ్ళాను.

వెళ్ళింది సరిగ్గా శివరాత్రి ముందు. కొండ తిరణాలకి వెదురుతో ఎత్తుగా కట్టే ప్రభల దీపాలకి డైనమోలన్నీ ఆయన షెడ్డు ముందే వరసకట్టి ఉన్నాయి. పైగా ఆ ఏడు రంజాను ఉపవాసాలు కూడా అప్పుడే వచ్చాయి. ఎండిన పెదాలతో, చేతులనిండా గ్రీజుతో వంచిన తల ఎత్తకుండా, శివయ్య పని అయినాక రమ్మన్నాడు. నాకు కోపం నషాళానికి అంటింది. బళ్ళో నేను గదిలోకి అడుగుపెడితే నలభైమంది లేచి నిలబడతారు. అటువంటిదాన్ని వాయిదా వేస్తాడా అని ఉన్నచోటే నిలబడి కడిగిపారేశాను. అంతా అయ్యాక ఆయన తల ఎత్తి, చానాసేపట్నుంచి ఏదో చెబుతున్నావు, ఏంది సంగతి అని ఎంతో మర్యాదగా అడిగాడు. నేను అన్నవాటిలో ఒక్కటీ ఆయనకి చేరలేదు. తిట్టు వృథా పోయినందుకు మొదటిసారి దేవుడికి దణ్ణం పెట్టుకుని, ఆయన చెవి దగ్గర గేదె పాట దాకా నాన్న సంగతంతా చెప్పాను.

తిరణాలయ్యాక ఆయనే మా ఇంటికి వచ్చాడు. గిటారు చూపించబోతే అక్కర్లేదని చెయ్యి అడ్డం పెట్టాడు. ముందు మనిషిని చూడాలన్నాడు. నాన్నకీ ఆయనకీ మిల్లుల దగ్గరి పరిచయం ఉంది. గేదె దగ్గర నులకమంచం మీద ఇద్దరూ కూర్చుని వానల గురించీ పత్తి గురించీ గట్టిగా మాట్లాడుకున్నారు. మాటల మధ్యలో మస్తాన్ బాబాయ్ నాన్న వీపుమీద అరచెయ్యి వేసి, "నువ్వు గేదెకి పాడేది నాకు పాడు, యోహానన్నా. నాకెట్టాగూ వినపడదు గదా, సిగ్గెందుకు?" అన్నాడు. రెండేళ్ళుగా నేను, మా అమ్మ, పాస్టరుగారు బతిమాలినా కదలని నోరు ఆ మాటకి కదిలింది. నాన్న చిన్నగా పాడాడు. బాబాయ్ కళ్ళు మూసుకుని, చెయ్యి కదపకుండా, పాట పూర్తయ్యేదాకా అట్లాగే ఉన్నాడు. వెళ్ళేటప్పుడు వాకిట్లో నాతో, "గొంతెక్కడికీ పోలా. కిందికి వచ్చి కూర్చుంది. నువ్వు పైనుంచి పిలుస్తన్నావు" అన్నాడు.

కూర్చోవడమన్నది ఆయన పనిలో పెద్ద మాట. బేరింగు తన గుంటలో సరిగ్గా పడితే కూర్చుంది అనేవాడు. మోటారు అదరకుండా నున్నగా తిరిగితే కూర్చుంది అనేవాడు. బాగుంది, భేష్ లాంటి మాటలు ఆయన నోట నేను వినలేదు.

ఆ మర్నాటి నుంచి బడి వదలగానే షెడ్డుకి పోవడం మొదలుపెట్టాను. పనిచేసే పద్ధతి ఎంత అందంగా ఉండగలదో నేను ఆ బల్లమీదే చూశాను. గిటారు అన్నిటికంటే సన్నటి తీగ విప్పి, దాన్ని బల్లమీద పొడుగ్గా పరిచాడు. గిటారులో తీగ ఎంత దూరం మోగుతుందో అంతే దూరంలో రెండు చెక్కముక్కలు కింద పెట్టాడు. ఒక కొస మేకుకి కట్టి, రెండో కొస బల్ల అంచునుంచి కిందికి వదిలి దానికి ఇనప రాళ్ళు వేలాడదీశాడు. అప్పుడప్పుడే కిలోలు వచ్చి వీశెల రాళ్ళు మూలపడ్డాయి. వాటిని పారేయకుండా దాచుకున్నది ఊళ్ళో ఆయనొక్కడే కాబోలు. ఒక్కొక్క రాయీ వేస్తూ తీగ మీటమన్నాడు. అయిదు వీశెల దగ్గర తీగ సరిగ్గా గిటారు మీద మోగినట్టే మోగింది. వినడానికి నేను చెవి పెట్టాను. ఆయన బల్లకి చెంప ఆనించాడు. ఇద్దరం ఒకేసారి తల ఊపాం. చెవిటాయన అని నవ్వుకున్న నేను ఆ తల ఊపుడు చూసి సిగ్గుపడ్డాను.

"ఈ గిటారు మెడ మోసే బరువు ఇదీ" అన్నాడు. "ఇది నువ్వు ముట్టుకోబాక. వదులు జేస్తే జరజరమంటది, బిగిస్తే మెడ ఇరుగుద్ది. బరువు అట్టాగే ఉంచి తీగ మార్చు. ఒక్కసారికి ఒక్కటే మార్చాలమ్మాయ్, రెండు మారిస్తే ఏది ఏం జేసిందో తెలవదు." ముప్ఫై అయిదేళ్ళు లెక్కలూ సైన్సూ చెప్పిన నేను అంతకంటే మంచి పాఠం ఏ పుస్తకంలోనూ చదవలేదు.

నాన్న పాడేచోటుకి రావాలంటే చర్చి హార్మోనియం మీద నల్లవీ తెల్లవీ కలిపి అయిదు మెట్లు దిగాలి. ఆ లెక్క నేను తీశాను. బాబాయ్ షెడ్డులో ఉన్న తుక్కు తీగలన్నీ ఒక్కొక్కటే అదే చెక్కలమీద, అదే అయిదు వీశెలతో మీటుకుంటూ పోయాం. ఒకటి ఇంకా పైనే ఉంది, ఒకటి మరీ కిందికి పోయింది. నాలుగోరోజు సాయంత్రం తుప్పు పట్టిన తీగముక్క ఒకటి మీటగానే నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. అది మా నాన్న స్వరం. గేదె దగ్గర విన్న స్వరం. ఒక్క అదురు లేకుండా, జరజర లేకుండా, నిండుగా మోగుతోంది. కేకలు పెట్టి రోడ్డుమీద పోయేవాళ్ళని ఆపేశాను. పాత తీగ పక్కన దీన్ని పెట్టి చూస్తే పాతది మూడు పాళ్ళైతే ఇది నాలుగు పాళ్ళ లావుంది. ఇంటికి వెళ్ళి కాగితంమీద లెక్క వేశాను. బరువు, పొడవు మారకుండా ఉంటే లావు పెరిగినకొద్దీ స్వరం అదే పాళ్ళలో దిగుతుంది. అయిదు మెట్లు దిగడమంటే లావులో మూడోవంతు పెరగడమే. బల్లమీద చేతితో దొరికింది కాగితంమీద అంకెలతోనూ దొరికింది. సంతోషం పట్టలేక అన్నం తినడం మర్చిపోయాను.

ఆ సంతోషంలోనే నేను చేసిన ఘనకార్యం చెప్పాలి. దొరికిన ముక్క తుప్పుది, గిటారుకి ఎక్కిస్తే నిలవదు. కొత్త తీగ మద్రాసునుంచి తెప్పించాలి. పాత తీగ ఎంత లావని అడిగితే బాబాయ్ గేజి బిళ్ళలో పెట్టి చూసి ముప్ఫై నంబరన్నాడు. గేజి బిళ్ళంటే అరచేతిలో ఇమిడే గుండ్రటి ఉక్కు రేకు. అంచు చుట్టూ గాట్లు, గాటు గాటుకీ ఒక నంబరు. తీగ ఏ గాటులో సరిగ్గా దూరితే అదే దాని లావు. అప్పుడా బిళ్ళ నేను చేత్తో పట్టుకోలేదు, కళ్ళతో సరిగ్గా చూడనూలేదు. సన్న తీగలు మూడింటికీ ఆయన చెప్పిన అంకెలు మాత్రం పుస్తకంలో రాసుకున్నాను. ముప్ఫైకి మూడోవంతు కలిపితే నలభై. రెండో తీగ ఇరవై ఏడు, దానికి మూడోవంతు కలిపితే ముప్ఫై ఆరు. మూడో తీగకీ అదే లెక్క. ఆయన్ని మళ్ళీ అడగాల్సిన అవసరమేముంది, నేను లెక్కల టీచర్ని. చక్కటి దస్తూరితో మద్రాసు తీగల వ్యాపారికి ఉత్తరం రాసి, ఆయనకి చెప్పకుండానే పోస్టు చేశాను. వచ్చాక చూపించి ఆశ్చర్యపరుద్దామని నా ఉబలాటం.

పార్సెలు మట్టలాదివారం మర్నాడు వచ్చింది. ఈస్టరుకి ఇంకా ఆరురోజులే ఉంది. షెడ్డు బల్లమీద పెట్టి గర్వంగా విప్పాను. లోపల తీగ లేదు, వెంట్రుకలున్నాయి. నిజంగానే తలవెంట్రుకంత సన్నంగా ఉన్న ఉక్కు పోగు గాలికి ఊగుతోంది. వ్యాపారి మోసం చేశాడని ఎగిరిపడ్డాను. మద్రాసు వాళ్ళంతా ఇంతేనని, పోలీసు రిపోర్టిస్తానని ఏవేవో అన్నాను. బాబాయ్ గేజి బిళ్ళ తీసి నా చేతిలో పెట్టి, బల్లమీది తీగముక్కలన్నీ నా ముందుకి తోశాడు. కొలిచి చూసుకోమని సైగ చేసి తన పనిలోకి వెళ్ళిపోయాడు.

కొలిచాను. లావు తీగ పన్నెండో గాటులో పట్టింది. దానికంటే సన్నటిది పద్దెనిమిదిలో. ఇంకా సన్నటిది ఇరవై రెండులో. మళ్ళీ మొదటినుంచీ పెట్టి చూశాను. నంబరు పెరిగేకొద్దీ గాటు ఇరుకవుతోంది. మొదటి తరగతి పిల్లకి ఆ బిళ్ళ చేతికిస్తే ఒక్క నిమిషంలో చెప్పేస్తుంది. నేను చేతికి తీసుకోకుండానే లెక్క కట్టాను. తుప్పు ముక్కని పెట్టి చూస్తే ఇరవై ఏడులో కూర్చుంది. నాకు కావాల్సింది ముప్ఫై నుంచి ఇరవై ఏడుకి దిగడం, నలభైకి ఎక్కడం కాదు. మళ్ళీ మద్రాసునుంచి రావాలంటే ఈస్టరు దాటిపోతుంది. మా నాన్న ఇంకో ఏడాది ఆఖరి చాపమీద కూర్చోవాలి. అంతా నా చేతులారా చేసుకున్నదే. బల్లమీద తల పెట్టుకుని ఏడ్చేశాను.

వీపుమీద అరచెయ్యి పడింది. "ఏడుపెందుకు, టీచరమ్మా" అన్నాడు బాబాయ్. "నీ లెక్క తప్పు గాదు. మూడోవంతు మూడోవంతే. నువ్వు కలిపింది తీగకి గాదు, పేరుకి." నేను తల ఎత్తి, ఆయన చెవి దగ్గర, ఈ తప్పు మీరైతే చేసేవారు కాదన్నాను. తానూ చేశానన్నాడు. కొత్తలో పదహారు నంబరు మోటారుకి, కాస్త గట్టిగా ఉండాలని పద్దెనిమిది చుట్టాడట. మీట నొక్కగానే షెడ్డంతా పొగ. ఆ కథ చెబుతూ ఆయన పగలబడి నవ్వాడు, నాకూ ముక్కు చీదుకుంటూనే నవ్వొచ్చింది.

మాచర్లలో బుర్రకథ దళాలకి తంబుర తీగలు అమ్మే కొట్టొకటి ఉంది, అక్కడ ఉక్కు తీగ దొరకొచ్చన్నాడు. తాను రాలేనని, బిళ్ళ పట్టుకుని నన్నే వెళ్ళమన్నాడు. మర్నాడు బడికి సెలవు పెట్టి పొద్దున్నే మాచర్ల రైలెక్కాను. పెట్టెలో మిరపకాయ బస్తాల మధ్య కూర్చుని దారి పొడుగునా బిళ్ళనే తిప్పి తిప్పి చూశాను. నడికుడి దాటేసరికి ఏ గాటు పక్కన ఏ గాటుందో కళ్ళు మూసుకుని వేలితో చెప్పగలిగాను. కొట్టతను తీగచుట్టలన్నీ ఒక గోనెసంచిలో కుమ్మరించి ఉంచాడు. ఒక్కదానికీ చీటీ లేదు. సన్నదా లావుదా చెప్పమ్మా, అంతకంటే నంబర్లు గింబర్లు నాకు తెలవవన్నాడు. మీకు తెలియకపోయినా పర్వాలేదు, నాకు తెలుసన్నాను. గచ్చుమీద కూలబడి ఒక్కొక్క చుట్టా విప్పి గాటులో పెట్టి చూశాను. ఈ గాటులో దూరాలి, పక్క ఇరుకు గాటులో దూరకూడదు. కొట్టుకొచ్చినవాళ్ళు గుమిగూడి చూస్తున్నారు. ఎవరీ అమ్మాయి అని ఒకరడిగితే, ఎవరో ఇంజినీరమ్మలే అని కొట్టతను చెప్పాడు. నేను కాదనలేదు. సంచి సగం అయ్యేసరికి ఇరవై ఏడు దొరికింది. అడుగున మిగిలినవీ దొరికాయి. తిరుగు రైల్లో ఆ చుట్టల్ని బిడ్డని పట్టుకున్నట్టు ఒళ్ళో పెట్టుకున్నాను.

సన్న తీగలు మూడూ అట్లా వచ్చాయి. లావు తీగలు మూడూ ఎక్కడా దొరికేవి కావు, చుట్టుకోవాల్సిందే. ఉక్కు తీగని మోటారు చుట్టే చేతిచక్రానికి బిగించి నేను తిప్పుతుంటే, బాబాయ్ రాగి తీగమీది వార్నిష్ గీకి, గుడ్డపేలికతో బిగపట్టి, దానిమీద వరసలు వరసలుగా కూర్చాడు. వరసకీ వరసకీ మధ్య గోరు దూరేంత సందు వచ్చినా విప్పేసి మళ్ళీ మొదలు. మొదటి తీగ నాలుగుసార్లు విప్పాం. గంటకొకసారి బిళ్ళతో కొలవడం నా వంతు. కొలిచి నంబరు చెబితే ఆయన వేళ్ళతో నలిపి చూసి సరేననేవాడు. బిళ్ళా ఆయన వేళ్ళూ ఒక్కసారి కూడా తేడా చెప్పలేదు. మంచి శుక్రవారం ఆరాధన తర్వాత గిటారుకి తీగలెక్కించబోతే, లావెక్కిన తీగలు మెడ చివర తీగలు ఆనే ఎముక ముక్క గాట్లలో దిగలేదు, పైనే నిక్కి నిలబడ్డాయి. ఆయన సన్న ఆకురాయితో ఒక్కొక్క గాటునీ పొడి ఊదుకుంటూ, తీగ పెట్టి చూసుకుంటూ వెడల్పు చేశాడు. ఆఖరి తీగ టక్కున దిగింది. కూర్చుంది అన్నాడు.

బిళ్ళ తిరిగిచ్చేస్తే తీసుకోలేదు. తనకి వేళ్ళున్నాయని, అది లేకపోతే నాకే ప్రమాదమని వేళాకోళం చేశాడు.

నాన్నకి ఏమీ చెప్పలేదు. ఈస్టరుకి ముందు నిలబడతావా అని మాత్రం అడిగితే, చూద్దాంలే అన్నాడు. ఆ చూద్దాంలేకి అర్థం మా ఇంట్లో అందరికీ తెలుసు.

ఆ ఆదివారం ఇంకా చీకటి ఉండగానే చర్చి ముందు జనం చేరారు. తెల్లచీరలు, లాంతర్లు, మల్లెపూల వాసన. నాన్న వచ్చాడు, వచ్చి వెనకెక్కడో గోడవారన నిలబడ్డాడు. నేను గిటారు మెళ్ళో వేసుకుని ముందు నిలబడ్డాను. పాస్టరుగారు ప్రార్థన ముగించగానే తీగలు మీటాను. ఆ శబ్దం నేలమీద పాకినట్టు పోయింది. ఆ రెండేళ్ళూ పాట ఎత్తుకుంటున్న కుర్రాళ్ళు నోళ్ళు తెరిచారు, వాళ్ళ గొంతులు అంత కిందికి దిగలేదు. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పైకి వాయించమని ఎవరో గొణిగారు. నేను వినపడనట్టే మళ్ళీ అదే మీటాను. ఎవరూ ఎత్తుకోలేదు. మూడోసారి మీటాను. ఇక్కడ ఆగిపోతే సంఘం ముందు నా పరువు, నాన్న పరువు రెండూ ఒకేసారి పోతాయి. గిటారు వెనక ఖాళీ మాత్రం సరిగ్గా ఒక్క మనిషి పట్టేంత ఉంది, ఆ మనిషి గోడవారన ఉన్నాడు.

అప్పుడు వెనకనుంచి పాట వచ్చింది. మొదట గొంతు సవరించుకున్నట్టు, తర్వాత మాటగా, తర్వాత పాటగా. జనం పక్కకి తప్పుకుని దారిచ్చారు. నాన్న పాడుతూనే నడిచి నా పక్కకి వచ్చాడు. నా వైపు చూడలేదు, నేనూ చూడలేదు. చూస్తే ఇద్దరిలో ఒకరం ఏడ్చేవాళ్ళం. ఇక రెండో చరణం, ఆనాడు గొంతు పగిలిన చోటు. అది వచ్చింది, దాటిపోయింది. ఆయన గొంతు పైకి ఎగబాకలేదు. మూడో చరణానికి ఆడవాళ్ళు పైనుంచి అందుకున్నారు, సంఘమంతా కదిలింది.

కోటప్పకొండ రోడ్డు మలుపుకి వచ్చేసరికి తూరుపు తెల్లబడుతోంది. మసీదులో పొద్దుటి నమాజు చేసుకుని వస్తూ మస్తాన్ బాబాయ్ షెడ్డు ముందు నిలబడి ఉన్నాడు, తలమీద టోపీ ఇంకా తియ్యలేదు. ఆయనకి మా పాట వినపడదు, లాంతర్లు మాత్రం కనపడతాయి. ఊరేగింపు దగ్గరికి రాగానే రోడ్డుమీదికి దిగి, నాన్న వెనక చేరి, వీపుమీద అరచెయ్యి ఆనించి మాతోపాటు నడిచాడు. నాలుగడుగులో, అయిదడుగులో. నాన్న పాట ఆపలేదు. బాబాయ్ చెయ్యి తీసి నా పక్కకి వంగి ఒక్కమాట అన్నాడు.

"కూర్చుంది, అమ్మాయ్."

నాన్న ఆ తర్వాత పదకొండు ఈస్టర్లు పాడాడు. పన్నెండోదానికి సమాధుల తోటలో మాకోసం ఎదురుచూశాడు, మేమే పాడుకుంటూ వెళ్ళాం. బాబాయ్ ఆయనకంటే రెండేళ్ళు ముందే వెళ్ళిపోయాడు. ఆ గిటారు మెడని ఆఖరుకి చెదలు తినేశాయి. బిళ్ళ మాత్రం ముప్ఫై అయిదేళ్ళు నాతో బడికి వచ్చింది. తప్పు లెక్క చేసిన పిల్లని కొట్టబోయిన ప్రతిసారీ చేతిసంచిలో అది తగిలేది, మద్రాసు వెంట్రుకలు గుర్తొచ్చేవి. బెత్తం కింద పెట్టి, కొలిచేది ఏదో ఒకటి ఆ పిల్ల చేతిలో పెట్టి నేను పక్కకి తప్పుకునేదాన్ని. మంచి టీచరని పేరొచ్చిందంటే అందులో నా గొప్ప ఏమీ లేదు.

మొన్న షాపతను అంకెలు వెలిగే పరికరంతో తీగ కొలిచి మోటారు చుట్టాడు. చుట్టే ముందు నేను సంచిలోంచి బిళ్ళ తీసి, అడగకుండానే అతని తీగని గాటులో పెట్టి చూశాను. ముసలమ్మకి పిచ్చేమో అన్నట్టు చూశాడు, కానీ సరిపోయిందా అమ్మా అని అడగకుండా ఉండలేకపోయాడు. సరిపోయిందన్నాను. బిగించి, మీట నొక్కాడు. మోటారు తిరిగింది. ఈ మధ్య నాకూ చెవులు సరిగ్గా పనిచేయడం లేదు, బాగా మోగుతోందో అదురుతోందో వినపడలేదు. వంగి దాని వీపుమీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకున్నాను.

కూర్చుంది.